ఒక మిల్లీమీటరు కన్నానికి ఏ డ్రిల్లు?

పోయిన వానాకాలంలో మా మేనకోడలికి ఇద్దామని అడుగు పొడవు పనస చెక్క వీణ మొదలుపెట్టాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే దుంగని తొలిచి ఏకాండి వీణ తీసే చేతుల ముందు నాది బొమ్మలాట. అయినా కుండ, దండి ఎలాగో కుదిరాయి. చిక్కంతా తీగలు చుట్టి బిగించే బిరడాల దగ్గరే వచ్చింది. ఏడు తీగలకి ఏడు బిరడాలు, ఒక్కోటి రెండు అగ్గిపుల్లలు కలిపినంత లావు. తీగ దూరడానికి వాటికి అడ్డంగా ఒక మిల్లీమీటరు కన్నం పడాలి. గోడలకి కన్నాలు వేసే 13 మి.మీ. డ్రిల్లు ఇంట్లో ఉంది కదా అని దానికే సన్న బిట్టు బిగించాను. చీకటి పడేసరికి మూడు బిరడాలు చీలాయి, నాలుగు బిట్లు విరిగాయి.

పక్కింటి తాతగారు ఒకప్పుడు పేరున్న వడ్రంగి. అరుగు మీంచి ఇదంతా చూస్తూనే ఉన్నారు. నాలుగోది విరిగాక అన్నారు: "ఏటి బాబూ, ఆ పెద్ద మిషనొగ్గీ. దాని బరువుకే ఇరిగిపోతంది. ఇంత కన్నానికి సెయ్యి సాలదేటి? కంసాలి సామాన్ల కొట్టుకెళ్లి అడుగు."

మర్నాడు వెళ్లి అడిగాను. అక్కడితో ఆగక ఏడాది పాటు దొరికినవన్నీ కొని చూశాను. నాలాగే ఇంట్లో చిన్న చిన్న చెక్క పెట్టెలు, కొబ్బరి చిప్ప గరిటెలు, పూసలు చేసుకునేవాళ్లు రెండు మిల్లీమీటర్ల లోపు కన్నానికి దేన్ని పట్టుకోవాలో చెబుతాను.

పెద్ద డ్రిల్లుతో వచ్చే తంటా

డ్రిల్లులో బిట్టుని పట్టుకునే మూతిని చక్ అంటారు. మీ డ్రిల్లు చక్ మీద అంకెలు అచ్చు కొట్టి ఉంటాయి, ముందు అవి చూడండి. 13 మి.మీ. చక్ మీద చాలా వరకు "1.5–13" అని ఉంటుంది. అంటే ఒకటిన్నర మిల్లీమీటరు కంటే సన్నదాన్ని అది పట్టుకోలేదని కంపెనీవాడే చెబుతున్నాడు. 10 మి.మీ. చక్‌లు కొన్ని 0.8 దాకా, కొన్ని 1 దాకా దిగుతాయి. ఆ అంకె కంటే సన్న బిట్టు పెడితే మూడు దవడలూ పూర్తిగా మూసుకున్నా మధ్యలో సందు మిగిలిపోతుంది, బిట్టు జారి కింద పడుతుంది. పడిపోతే మేలే. చాలాసార్లు అది మూడు దవడల మధ్య కాకుండా రెండిటి మధ్య ఇరుక్కుంటుంది. గట్టిగా పట్టినట్టే కనిపిస్తుంది కానీ తిరగడం మొదలెడితే మొన గుండ్రంగా సున్నా చుడుతుంది. నా మొదటి రెండు బిట్లూ అలాగే పోయాయి.

సరిగ్గా పట్టినా కాస్త ఊగడం తప్పదు. ఆ ఊగు 0.2 మి.మీ. అనుకోండి. 10 మి.మీ. బిట్టుకి అది లెక్కలోకే రాదు. ఒక మిల్లీమీటరు బిట్టుకి అది దాని లావులో ఐదో వంతు.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. ఒక మిల్లీమీటరు బిట్టు అంటే రెండు మిల్లీమీటర్ల బిట్టులో సగం బలం ఉంటుందనుకుంటారు. మెలితిప్పితే తట్టుకునే శక్తి లావుకి ఘనంలో మారుతుంది, అంటే ఎనిమిదో వంతు. వంగకుండా నిలబడే బిగువు నాలుగో ఘాతంలో మారుతుంది, అంటే పదహారో వంతు. అలాంటి పుల్లని కిలోన్నర, రెండు కిలోల మిషను చివర పెట్టి, మణికట్టు కాస్త పక్కకి వాలినా విరగకూడదంటే ఎలా?

ఇంకో లెక్క మనకి అనుకూలంగా పనిచేస్తుంది. బిట్టు చక్ బయటికి ఎంత పొడుచుకొస్తే అంత త్వరగా వంగుతుంది, ఇది పొడవుకి ఘనంలో మారుతుంది. బయట ఉన్న పొడవు సగం చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి ఏ పరికరం వాడినా సన్న బిట్టుని లోపలికి వీలైనంత నెట్టి, పనికి కావలసినంత మేరే బయట ఉంచి బిగించండి. రాగి తీగ చుట్టి లావు చేసి పట్టించడం, కాగితం టేపు చుట్టడం లాంటి ఉపాయాలు నేనూ చేశాను. తీగ కాస్త నయం, టేపు దండగ. రెండూ బిట్టుని మధ్యలో నిలపవు. సన్న ఇత్తడి గొట్టం ముక్క దొరికితే దాన్ని నిలువుగా చీల్చి బిట్టుకి తొడగండి, ఆ ఒక్కటీ పనిచేస్తుంది.

ఇదంతా చెప్పానని 13 మి.మీ. డ్రిల్లు పనికిరాదని కాదు. రెండు మిల్లీమీటర్ల బిట్టుని హాయిగా నడుపుతుంది. ఒకటిన్నరకి జాగ్రత్తగా నడిపితే సరిపోతుంది. నాలుగో నంబరు స్క్రూకి ముందు కన్నం గట్టి చెక్కలో రెండు మిల్లీమీటర్లే కాబట్టి, స్క్రూల పని చేసేవాళ్లు ఇంకేమీ కొనక్కర్లేదు. ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

చేత్తో తిప్పేవి

కంసాలి సామాన్ల కొట్టులో పిన్ వైస్ అంటే ఇస్తారు. కలం అంత పొడవు, చివర నాలుగు చీలికల చిన్న చక్, వెనక అరచేతిలో ఆనించుకోడానికి గుండ్రంగా తిరిగే తల. సున్నా దగ్గర్నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా పట్టేవి దొరుకుతాయి. రెండు మూడు వందల్లో వస్తుంది. తల అరచేతిలో పెట్టి, బొటనవేలు, చూపుడువేలుతో తిప్పడమే పని.

నెమ్మదిగా అవుతుందని మీరు అనబోతున్నారని తెలుసు. టేకులో పది మిల్లీమీటర్ల లోతుకి నాకు రెండు నిమిషాలు పడుతుంది. కానీ ఏడాదిలో దీంతో నేను విరగ్గొట్టిన బిట్లు రెండే. బిట్టు చెక్కలో ఇరుక్కుంటున్నప్పుడు వేళ్లకి ముందే తెలిసిపోతుంది. కరకర ఆగి బిగుసుకుంటుంది, వెంటనే వెనక్కి తిప్పి పొట్టు దులుపుతాం. మోటారుకి ఆ సంగతి బిట్టు విరిగాక గానీ తెలియదు. మిగిలిన బిరడాలన్నిటికీ దీంతోనే కన్నాలు వేశాను, ఒక్కటీ చీలలేదు.

చేత్తో తిప్పేవాటిలోనే ఇంకో రకం మెలికల కడ్డీ డ్రిల్లు. కడ్డీ మీద ఉన్న పిడిని పైకీ కిందికీ జరిపితే బిట్టు గిరగిరా తిరుగుతుంది. వెనకటి కంసాలులు, వడ్రంగులు విల్లు తాడు చుట్టి బర్మా తిప్పినట్టే, ఒకసారి అటూ ఒకసారి ఇటూ. వెదురుకీ మెత్తని చెక్కకీ సరదాగా ఉంటుంది. పిడి జరిపే చెయ్యి తెలియకుండానే కడ్డీని పక్కకి లాగుతుంది కాబట్టి 0.8 కంటే సన్న బిట్టు దానికి పెట్టకండి. పాత సామాన్లలో పళ్ల చక్రం, చేతి పిడి ఉన్న చేతి డ్రిల్లు కనిపిస్తే మాత్రం వదలకండి. చక్ పూర్తిగా మూసుకునేది అయితే ఒక మిల్లీమీటరు నుంచి ఆరు దాకా అదొక్కటే చాలు. నాకు తెలిసిన ఒకాయన పెట్టె మూతలన్నిటికీ దాన్నే వాడతాడు, కరెంటు డ్రిల్లు గోడలకి దాచుకున్నాడు.

పెద్ద డ్రిల్లుకే చిన్న చక్

కన్నాలు ఇరవై దాటితే వేళ్లు నొప్పెడతాయి. అప్పుడు పనికొచ్చేది చిన్న చక్ అడాప్టరు. ఒక చివర 6 మి.మీ. కాడ, దాన్ని మీ డ్రిల్లు చక్‌లో బిగిస్తారు. రెండో చివర 0.3 నుంచి 4 మి.మీ. దాకా పట్టే మూడు దవడల బుల్లి చక్. ధర పిన్ వైస్ అంతే, కాస్త అటూ ఇటూ.

వీటిలో రెండు రకాలున్నాయి, తేడా పెద్దది. మూడు దవడలతో, చిన్న తాళంతో బిగించే ఉక్కు చక్ తీసుకోండి. ఇత్తడి కోలెట్ ముక్కలు, అంటే బిట్టు లావుకి తగ్గ చీలికల గొట్టాలు, మార్చి మార్చి పెట్టేది చవకే గానీ, నేను కొన్న రెండూ బిట్టుని నడిమికి నిలపలేదు. కాడ గుండ్రంగా ఉన్నది దొరికితే మేలు. ఆరు పలకల కాడ ఉన్నదాన్ని స్క్రూలు బిగించే ఇంపాక్టు డ్రైవరులో గుచ్చకండి. అందులో కాడ వదులుగా ఊగుతుంది, పైగా అది సుత్తి దెబ్బలు వేస్తుంది. ఒక మిల్లీమీటరు బిట్టు ఒక్క దెబ్బకి రెండు ముక్కలు. డ్రిల్లులో కూడా హ్యామర్ మీట ఆపేసి ఉందో లేదో చూసుకోండి. నేను ఒకసారి చూసుకోలేదు, అంతకంటే చెప్పను.

వేగం సంగతికొస్తే, సన్న బిట్టు కదా అని మెల్లగా తిప్పాలనుకుంటాం. అది తప్పు. బిట్టు అంచు చెక్కని కోసే వేగం దాని లావు మీద ఆధారపడుతుంది. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే డ్రిల్లులో 10 మి.మీ. బిట్టు అంచు నిమిషానికి 88 మీటర్లు కోస్తే, ఒక మిల్లీమీటరు బిట్టు అంచు 8.8 మీటర్లే కోస్తుంది. కాబట్టి మిషను ఎంత ఇస్తే అంత వేగం ఇవ్వండి, నొక్కుడు మాత్రం దాదాపు వద్దు. బ్యాటరీ డ్రిల్లుకైతే రెండో గేరు.

బరువు సమస్య మాత్రం చిన్న చక్‌తో తీరదు. మిషను పెద్దదే, బిట్టు ఇంకా ముందుకి పోయింది. రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు బల్లకి ఆనించి, చెక్కని క్లాంపు వేసి పని చేస్తే ఒక మిల్లీమీటరు దాకా నడుస్తుంది. అంతకంటే సన్నం అయితే దీంతో వద్దు.

ఆరు పలకల కాడకి పుట్టుకతోనే సన్న బిట్టు అతికించి అమ్మేవీ ఉన్నాయి. సౌకర్యం బాగుంది, ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లకి నేనూ వాడతాను. ఒక మిల్లీమీటరులో కొంటే కాడకి డబ్బు పెట్టి, పుల్ల విరిగాక కాడ కూడా పారేస్తాం.

రోటరీ టూలు

చేతిలో ఇమిడే, చాలా వేగంగా తిరిగే చిన్న మోటారు పరికరం ఇది. చూస్తే సన్న బిట్ల కోసమే పుట్టినట్టుంటుంది. చేతిలో తేలిక, 0.8 నుంచి 3.2 మి.మీ. దాకా కోలెట్లు, వేగం పదివేల నుంచి ముప్పై వేల చుట్ల పైదాకా. చక్కని కోలెట్ ఉంటే బిట్టు ఊగదు.

చెక్కకి ఆ వేగమే శత్రువు. పనస చెక్కలో పదిహేను వేల మీద నడిపితే మూడు సెకన్లలో పొగ వచ్చింది. పసుపు పొట్టు జిగురెక్కి బిట్టు చాళ్లలో గట్టిపడింది, కన్నం అంచు నల్లగా మాడింది. తర్వాత తీగ లాగితే ఆ మసి తీగకి అంటింది. తక్కువ వేగంలో పెట్టి, రెండు మిల్లీమీటర్లు దిగగానే పైకి తీసి, పొట్టు రాలాక మళ్లీ దించితే ఈ మాడుడు ఉండదు. కొబ్బరి చిప్పకి మాత్రం ఇదే రాజు. చిప్ప గట్టిది, పలచన, గుండ్రంగా ఉంటుంది. పెద్ద డ్రిల్లు మొన దాని మీద జారిపోతుంది, పిన్ వైస్‌తో వేళ్లు పడిపోతాయి. ఉద్దానం నుంచి చుట్టాలు తెచ్చిన కాయల చిప్పలతో నేను చేసిన పూసలన్నిటికీ కన్నాలు దీంతోనే. కళ్లద్దాలు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి. ఆ పొడి గొంతులో పడితే రాత్రంతా దగ్గే.

ధర చూస్తే దీనికీ పిన్ వైస్‌కీ పోలికే లేదు, వేలల్లో ఉంటుంది. కన్నాల కోసమే అయితే కొనకండి. చెక్కడం, నునుపు చెయ్యడం, ఇత్తడి తెగ్గొయ్యడం కూడా చేసుకుంటామంటే అప్పుడు డబ్బు గిట్టుబాటవుతుంది.

స్టాండు, కార్బైడ్ బిట్లు

పిడి దించితే బిట్టు తిన్నగా దిగే బల్ల డ్రిల్లు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పక్క ఒత్తిడి అనేదే ఉండదు. అయితే దాని చక్ ఇంకా పెద్దది కాబట్టి చిన్న చక్ అడాప్టరు దానికీ కావాలి. మామూలు డ్రిల్లుని బిగించుకునే చవక స్టాండ్లు మాత్రం కొనేముందు చేత్తో అటూ ఇటూ కదిపి చూడండి. స్తంభం దగ్గర సన్న చప్పుడు వచ్చినా సన్న బిట్టుకి అది పనికిరాదు.

స్టాండు ఉంటే సర్క్యూట్ బోర్డులకి కన్నాలు వేసే కార్బైడ్ బిట్లు వాడుకోవచ్చు. పుల్ల 0.3 ఉన్నా, రెండు ఉన్నా, కాడ మాత్రం అన్నిటికీ 3.175 మి.మీ., మన మేస్త్రీల లెక్కలో ఒక నూలు. అందుకే ఏ చక్ అయినా పట్టుకుంటుంది, అడాప్టరు అక్కర్లేదు. కన్నం అద్దంలా వస్తుంది. చేత్తో పట్టుకున్న డ్రిల్లులో పెడితే మాత్రం కార్బైడ్ గాజులా తునుగుతుంది. మామూలుగా దొరికే హైస్పీడు ఉక్కు బిట్టు కాస్త వంగి హెచ్చరిస్తుంది, దీనికి ఆ మర్యాద లేదు. చేతి పనికి ఎప్పుడూ హైస్పీడు ఉక్కు, ఖచ్చితంగా దిగే స్టాండుకి మాత్రమే కార్బైడ్. కోబాల్టు కలిపిన ఉక్కు కూడా చెక్కకి అనవసరం, మామూలు ఉక్కు కంటే పెళుసు.

చెక్కని బట్టి

ముందు లోతు చూసుకోండి. మామూలు ఒక మిల్లీమీటరు బిట్టు మొత్తం పొడవు 34 మి.మీ. అయినా, పొట్టు బయటికి తెచ్చే మెలిక చాళ్లు 12 మి.మీ. మేరే ఉంటాయి. 0.5 బిట్టుకి అవి 6 మి.మీ. మాత్రమే. చాళ్లు మునిగాక ఇంకా దింపితే పొట్టుకి దారి లేక బిగుసుకుంటుంది. ముప్పావు అంగుళం మందం చెక్కకి ఒక మిల్లీమీటరు కన్నం ఈ వైపు నుంచి ఆ వైపుకి కావాలంటే రెండు వైపుల నుంచి వెయ్యాలి. లేదా రెండు మిల్లీమీటర్ల బిట్టుకి మారాలి, దానికి చాళ్లు 24 మి.మీ. ఉంటాయి.

ప్యాకింగు పెట్టెల పైన్ చెక్క మెత్తనిదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. వలయాల్లో ఒక గీత మెత్తన, పక్క గీత గట్టి. సన్న బిట్టు గట్టి గీతని తాకగానే పక్కకి జారి మెత్తదాన్ని వెతుక్కుంటుంది. బయటికి వచ్చే చోటు మీరు గీసుకున్న చోటు కాదు. వేపలో పోగు మెలికలు తిరుగుతుంది, అదే కథ. టేకు తిన్నగా తెగుతుంది గానీ అందులోని ఇసుక రేణువుల్లాంటి పదార్థం బిట్టు పదునుని తినేస్తుంది. చింత గట్టిదే అయినా ఓపిగ్గా చేస్తే కన్నం చాలా శుభ్రంగా పడుతుంది. ఏ చెక్కకైనా ముందు దబ్బనంతో గుంట పెట్టండి, కింద పాత చెక్క ముక్క ఆనించండి. అడుగున పోగు లేవదు, బిట్టు బయటికి దూసుకొచ్చేటప్పుడు ఒక్కసారిగా కుదుపు రాదు. బిట్లు విరిగేది ఎక్కువగా ఆ ఆఖరి అర మిల్లీమీటరులోనే.

బిట్టు అసలు కొనక్కర్లేని పని కూడా ఒకటుంది. చిన్న ఇత్తడి సీలలు దిగగొట్టడానికే కన్నం కావాలంటే, అదే సీల ఇంకోటి తీసుకుని తల కత్తిరించి డ్రిల్లులో బిగించండి. ఒకటిన్నర దాటిన లావు అయితే పెద్ద చక్ కూడా పట్టుకుంటుంది. కోయదు, పోగుని తోసుకుంటూ దిగుతుంది. మామిడి, వేప లాంటి వాటికి చాలు. ఇంకా సన్నానికి కుట్టు సూది కంటి మధ్యలో విరిచి, ఆ రెండు పళ్ల చివరని బిట్టులా పిన్ వైస్‌లో పెట్టుకోవచ్చు. సూది విరిచేటప్పుడు గుడ్డలో చుట్టి విరవండి.

విరిగిన ముక్క కన్నంలో ఉండిపోతే పీకడానికి ఆవేశపడకండి. అవతలి వైపు తెరుచుకుని ఉంటే అక్కణ్ణుంచి సన్న సీలతో తట్టండి. లేకపోతే అలాగే వదిలేసి పక్కన ఇంకో కన్నం వేసుకోవడమే. నా వీణలో అలాంటిది ఒకటి బిరడా లోపల హాయిగా పడుకుని ఉంది. మా మేనకోడలికి చెప్పలేదు.

నేనైతే ఏం కొంటాను

నెలకి పాతిక కన్నాల లోపు వేసేవాళ్లయితే పిన్ వైస్ చాలు, రెండో ఆలోచన వద్దు. అంతకంటే ఎక్కువ, అన్నీ ఒక మిల్లీమీటరు నుంచి పైకి అయితే దానికి తోడు ఉక్కు చిన్న చక్ అడాప్టరు. కొబ్బరి చిప్పలు, పూసలు వందల్లో చేసి అమ్ముకునేవాళ్లకి రోటరీ టూలు, దాని స్టాండు. బల్ల డ్రిల్లు ఉంటే డజను కార్బైడ్ బిట్లు, మామూలు సన్న బిట్ల కోసం అడాప్టరు. మీరు వేసేది రెండు మిల్లీమీటర్ల కన్నమే అయితే ఉన్న డ్రిల్లుతోనే కానివ్వండి.

బిట్లు కొనేటప్పుడు ఇంకో మాట. 0.3 నుంచి 1.6 దాకా ఇరవై ఉన్న ప్లాస్టిక్ డబ్బా సెట్టు చూడ్డానికి ముద్దొస్తుంది, నేనూ అదే కొన్నాను. దానికి బదులు 0.8, 1, 1.5 మూడు సైజుల్లో తలా పది కొనండి. ఖర్చు దాదాపు అంతే. మన సముద్రపు గాలికి, వానకాలం తేమకి ఈ పుల్లలు వారంలో తుప్పు పడతాయి కాబట్టి కుట్టు మిషను నూనె రెండు చుక్కలు వేసిన దూది మీద పెట్టి మూత బిగించండి. నా డబ్బాలో ఒక మిల్లీమీటరు గుంట ఎప్పుడో ఖాళీ అయింది. 0.3 నుంచి 0.6 దాకా ఉన్నవి కొన్న రోజు ఎలా ఉన్నాయో ఇవాళ కూడా అలాగే వరసగా నిలబడి ఉన్నాయి.